లెక్కకు రాని లోయ

“ఆ లోయ ఉండదు. అంతే. ఇంక దాని సంగతి నా దగ్గర ఎత్తొద్దు” అన్నారు బావగారు, మధ్యాహ్నం భోజనం ముగించి ఖాళీ ప్లేటు పక్కకు నెడుతూ.

“ఇన్నాళ్ళూ ఎత్తలేదు కనకే కదండీ ఇవాళ ఇలా తెల్లారింది!” అంది చిన్నకోడలు.

ఆమె చేతిలో పై అంతస్తు తాళంచెవి ఉంది. ఆ ఇంట్లో పైనంతా బావగారి ఆఫీసు, కిందంతా సంసారం, మధ్యలో మెట్లు. కింద గొడవైతే పైన పని ఆగుతుంది. పైన గొడవైతే కింద కూర మాడుతుంది. ఇవాళ రెండు చోట్లా ఒకటే గొడవ కావడంతో, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

చిన్నకోడలు తాళంచెవి బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. విసిరింది.

“నేను పైకి రాను. మీ పెట్టెలు మీరే పేర్చుకోండి.”

పైన తయారవుతున్నది ఒక గేమ్. గుర్రమెక్కి రాజ్యమంతా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. రాక్షసుడు ఎత్తుకుపోయిన రాజకుమార్తెను విడిపించడం అందులో అసలు పని. కానీ ఆ పని మీద పోతూ పోతూ దారి తప్పినవాడికి కూడా ఏదో ఒకటి ఎదురవ్వాలి. కొండెక్కినవాడు ‘ఎక్కినందుకు పరవాలేదు’ అనుకోవాలి. అలా అనుకునేలా చూడటమే చిన్నకోడలి ఉద్యోగం. ఆ ఉద్యోగానికి బావగారు పెట్టిన పేరు ‘ఖాళీలు పూరించడం’.

ఉత్తరపు కొండల వెనక ఒక లోయను ఆమె ఏడాదిపాటు పూరించింది. దాన్ని తీసేస్తున్నారని ఈ ఉదయమే తెలిసింది. సాయంత్రం అయిదింటికి చివరి కాపీ గేమ్ కొనే కంపెనీకి వెళ్ళిపోతుంది. వెళ్ళాక ఇంక మార్చడానికి లేదు.

“ఉత్తినే తీసేస్తున్నానా?” అన్నారు బావగారు, ఓపిక తెచ్చిపెట్టుకుంటూ. “ఆ చోట మంచి గుహలు వస్తున్నాయి. గుహకో పెట్టె. తెరిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది.”

“ఏం దొరుకుతుంది?”

“బాణాలు.”

“జలపాతం వెనక పెట్టెలో?”

బావగారు మంచినీళ్ళు తాగారు. “బాణాలే. కాస్త మంచి రకం.”

“పాడుబడ్డ కోటలో?”

“చూడమ్మా, ఎగతాళికి ఇది టైము కాదు.”

“ఎగతాళి నేను చేస్తున్నానా బావగారూ? మనిషి వానలో తడిసి, తోడేళ్ళను తప్పించుకుని, చచ్చీచెడీ కొండెక్కితే బాణాలు. దిగొచ్చి ఏట్లో మునిగితే బాణాలు. వాడు రాజకుమార్తెను విడిపించడానికి బయల్దేరాడా, బాణాల కొట్టు పెట్టుకోవడానికా?”

గ్లాసులు తుడుస్తున్న తోటికోడలికి, అంటే బావగారి భార్యకు, నవ్వొచ్చింది. గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. భర్త చూశారని గ్రహించి తుమ్మింది. అది చాలా బలహీనమైన తుమ్ము.

“టెస్టర్లు నెలల తరబడి ఆడారు” అన్నారు బావగారు, ఈసారి ఓపిక లేకుండానే. “రాజ్యమంతా తిరిగారు. నీ లోయలో కాలు పెట్టినవాడు ఒక్కడు లేడు. సున్నా! ఎవరూ చూడనిదాన్ని ఎవరి కోసం మొయ్యమంటావు?”

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“చూడకపోతే అక్కర్లేనట్టేనా? అక్కడో గుడిసె ఉంది. గడప ఒక పక్కే అరిగి ఉంటుంది. తలుపు వెనక చేతికర్ర. ఎందుకో ఎవరూ చెప్పరు. ఎప్పుడో, ఎక్కడో దూరపు సంతలో, ఒక కాలు ఈడుస్తూ నడిచే ఆవిడ ఎదురవుతుంది. ఆవిడా చెప్పదు. కానీ ఆ గడప చూసినవాడికి ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ ఝల్లుమనడం ఏ పెట్టెలో పెడతారండీ మీరు?”

“అంత ముచ్చటగా ఉంటే దారిలో ఒక గుర్తు పెట్టుండాల్సింది. ‘ఇటు’ అని.”

“గుర్తు పెట్టి, గంట కొట్టి, రండి రండి అని పిలిస్తే అది కనుక్కోవడం అవుతుందా? భోజనానికి పిలవడం అవుతుంది!”

“ఝల్లుమనడానికి లెక్క లేదమ్మా. నాకు లెక్క కావాలి.”

బావగారు తాళంచెవి తీసుకుని మెట్లెక్కారు. ప్రతి మెట్టు మీదా కాలు కాస్త గట్టిగానే వేశారు, కిందివాళ్ళకు వినపడాలని.

ఇక మిగిలింది భర్త.

అతను ఇంతసేపూ బల్ల చివర కూర్చుని, ఒక చెంచాను అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తున్నాడు. ప్రోగ్రాములు రాయడంలో పైన అతనంత వాడు లేడంటారు. మాట్లాడటంలో ఇంట్లో అతనికన్నా ఫ్రిజ్ నయం. అది అప్పుడప్పుడూ గుర్రుమంటుంది.

“ఆ తీసేసే చోట్ల పట్టీ తయారు చేసింది మీరేగా?” అంది చిన్నకోడలు.

“ఊఁ.”

“అందులో నా లోయ పేరు రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదా?”

“నేను రాయలేదు. సున్నా వచ్చిన చోట్లన్నీ ప్రోగ్రామే ఏరుతుంది.”

“ఆ ప్రోగ్రాముకి అమ్మానాన్నలు ఎవరు?”

చెంచా ఆగింది. “అన్నయ్య రాయమన్నాడు. రాశాను.”

“రేపు మీ అన్నయ్య మీ పెళ్ళాం పేరు కూడా ఏరమంటారు. ఏరతారా? పక్కన కాపురం చేస్తూ, ఏడాదిపాటు నేను గడప అరగదీసింది చూస్తూ, ఒక్క మాట... ‘అన్నయ్యా, అది ఉండనీ’ అని ఒక్క మాట మీ నోట రాలేదు. నేను కోపగించుకోవలసింది ఆయన మీద కాదు. ఆయన కనీసం అరుస్తారు!”

అతను మళ్ళీ చెంచా తిప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏమీ అనకపోవడమే చిన్నకోడలికి పెళ్ళినాటి నుంచీ బాగా అలవాటైన జవాబు. అలవాటైనంత మాత్రాన మంట తగ్గదు కదా.

“ఎవరూ చూడలేదని ఎవరన్నారే?”

మాట హాల్లోంచి వచ్చింది. సోఫాలో అత్తగారు. కళ్ళజోడు నెత్తి మీదకు తోసుకుని, దిండు కింద చెయ్యి పెట్టి ఏదో సర్దుకుంటున్నారు.

“నేను చూశానుగా ఆ గడప! కర్ర కూడా చూశాను. సంతలో ఆవిడ కనపడితే గుర్రం దిగి పక్కన నడిచాను, పాపం అనిపించి.”

వంటింట్లో గ్లాసు చప్పుడు ఆగింది. చిన్నకోడలు నెమ్మదిగా హాల్లోకి వచ్చింది, వెనకే భర్త. దిండు కింద నుంచి గేమ్ ఆడే కంట్రోలర్ తోక కనిపిస్తోంది.

“మీరు ఆడతారా అత్తయ్యా?”

“ఆడటమేముందే, తిరుగుతాను. మధ్యాహ్నాలు మీరంతా పైన ఉంటారు. ఈ టీవీకి మొదట్లో పెద్దోడే ఆ గేమ్ మెషీన్ తగిలించాడుగా, వచ్చినవాళ్ళకు చూపించడానికని. నాకు కత్తి తిప్పడం రాదు. రాక్షసులు కనిపిస్తే చుట్టు తిరిగి పోతాను. అలా చుట్టు తిరిగే ఆ లోయలో పడ్డాను.”

“మరి రాజకుమార్తె?” అంది తోటికోడలు, తుడుస్తున్న గ్లాసుతోనే వచ్చి.

“ఉంటుందిలే. తాళం వేసే ఉంది కదా, ఎక్కడికి పోతుంది?”

చిన్నకోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడాది ఎదురుచూసిన మనిషి ఇంట్లో సోఫాలోనే ఉంది! వెంటనే ఇంకో సంగతి తట్టింది. భర్త వైపు తిరిగింది.

“మరి సున్నా ఎలా వచ్చింది?”

అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. “ఈ ఇంటి మెషీన్‌ని లెక్కలో కలపలేదు.”

“ఎందుకని?”

“అన్నయ్య మొదట్లోనే చెప్పాడు. ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారని.”

అత్తగారు కళ్ళజోడు దించి, అద్దాలు కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చూడవలసింది ఏమీ లేకపోయినా.

మొదట తేరుకున్నది తోటికోడలు. ఆమెకు ఆ ఆఫీసులో ఉద్యోగం లేదు. పైన పనిచేసేవాళ్ళకు కాఫీలు, ఫలహారాలు, తలనొప్పి మాత్రలు, తెగిన గుండీలకు సూదీదారం, అన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. ఇంతవరకు ఏ గొడవలోనూ ఆమె భర్త మాటకు ఎదురు చెప్పి ఎరగదు.

“ఏమన్నారూ?” అంది.

“లెక్కలోకి రారని వదినా. టెస్టర్లు కాదు కదా అని...”

“అలాగా.” గ్లాసు టీపాయ్ మీద బోర్లించింది. “అయితే పైకి కాఫీలు లెక్కలోకి వచ్చేవాళ్ళెవరైనా పంపిస్తారు. నేను కాస్సేపు నడుం వాలుస్తాను.”

నిజంగానే వెళ్ళి పడుకుంది. తలుపు కూడా దగ్గరగా వేసింది.

చిన్నకోడలు అత్తగారి పక్కన కూర్చుంది. “అత్తయ్యా, బావగారు కిందికి రాగానే మీరే చెప్పండి. మీరు చూశారని, మీకు నచ్చిందని. మీ మాట కాదనరు.”

అత్తగారు వెంటనే ఒప్పుకుంటారనుకుంది. ఆవిడ మొహం పక్కకు తిప్పుకున్నారు.

“చెప్తాను. నాకు నచ్చనిది కూడా చెప్తాను మరి.”

“ఏమిటది?”

“ఆ పిండిమర ముసలాయన.”

లోయ చివర ఏటి ఒడ్డున ఒక పిండిమర ఉంది. దాని ముందు బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. పక్కన కూర్చుని, పాలు కాగేంతసేపు ఏ మీటా నొక్కకుండా ఉంటేనే మాట్లాడతాడు. దగ్గి, బల్ల మీద అరచేత్తో తట్టి, వాన గురించీ మర చక్రం గురించీ చెప్తాడు. దగ్గు వినపడుతుంది, మాటలు తెర కింద అక్షరాలై వస్తాయి. చిన్నకోడలు మామగారిని చూసి ఎరగదు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆయన గోడ మీద ఫోటో. అత్తగారు చెప్పిన కబుర్లలోంచి ఆ దగ్గునూ ఆ తట్టడాన్నీ ఏరుకుంది. దగ్గు మాత్రం భర్త చేత దగ్గించింది. వాళ్ళ నాన్న దగ్గు అతనికి అచ్చు గుద్దినట్టు వచ్చు.

“ఆయన్ని పెట్టినందుకు కోపం వచ్చిందా అత్తయ్యా?”

“దానికెందుకొస్తుంది? రోజూ వెళ్ళి పక్కన కూర్చుంటున్నానుగా. ఆ చివరి మాట ఎందుకు పెట్టావు? నాకు చురక కాదూ అది? ఈ ఇంట్లో నేనెవరికీ కడుపు నిండా పెట్టలేదనేగా దాని అర్థం?”

“ఏ చివరి మాట?”

“నా దగ్గర నాటకాలాడకు.”

“ఒట్టు అత్తయ్యా. వాన, చక్రం, అంతే. ఆ తరువాత నేనేమీ రాయలేదు.”

“ఇంకాస్సేపు కూర్చుంటే అంటాడుగా!”

చిన్నకోడలు అటు చూసింది. భర్త గోడకున్న స్విచ్ బోర్డును, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు పరీక్షిస్తున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

ఏదో అడగబోయింది. ఇంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి.

“ఇవాళ కాఫీ లేదా ఈ ఇంట్లో?” అంటూ దిగారు బావగారు. “పైన అందరూ ఆవులిస్తున్నారు. ఏదీ ఆవిడ?”

“లెక్కలోకి రాదుగా, పడుకుంది” అన్నారు అత్తగారు. “నువ్విలా రా పెద్దోడా. కూర్చో.”

“అమ్మా, అయిదింటికి...”

“కూర్చోమన్నాను. నువ్వు పారేసేది ఏమిటో ఒక్కసారి చూసి పారెయ్యి. పాత సామాను కొనేవాడికి వేసేటప్పుడైనా డబ్బా మూత తీసి చూస్తాం.”

బావగారికి ఆ గొంతు తెలుసు. చిన్నప్పుడు ఆ గొంతు వచ్చాక ఆటలు సాగేవి కావు. కూర్చున్నారు. అత్తగారు టీవీ పెట్టి, గుర్రాన్ని కొండ చుట్టూ తిప్పి, ఏ తడబాటూ లేకుండా ఏటి ఒడ్డుకు తీసుకువచ్చి, కంట్రోలర్ కొడుకు చేతిలో పెట్టారు.

“బల్ల మీద కూర్చోబెట్టి, ఊరుకో.”

ముసలాయన దగ్గాడు. బావగారి భుజం ఉలిక్కిపడింది. వెంటనే బొటనవేలు మీట నొక్కింది. ముసలాయన మళ్ళీ ఏటి వైపు తిరిగిపోయాడు.

“ఏమిటిది, ఆగిపోయాడేం?”

“నువ్వు నొక్కావు. చెయ్యి తియ్యి.”

మళ్ళీ దగ్గాడు. బావగారు మళ్ళీ నొక్కారు.

“దగ్గనివ్వరా ఆయన్ని! బతికున్నప్పుడూ ఇంతే. ఒక మాట చెప్పబోతే నువ్వు గుమ్మం దాటేవాడివి.”

బావగారు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నారు. చేతులు ఆగకపోవడంతో రెండింటినీ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. నలుగురికి జీతాలిచ్చే మనిషి అలా బడిపిల్లాడిలా కూర్చుంటే ఇంకొకప్పుడైతే చిన్నకోడలు లోపల్లోపల నవ్వుకునేది. ఇప్పుడు ఆమెకు తెర కింది అక్షరాలు తప్ప ఏమీ పట్టలేదు.

వాన గురించి వచ్చింది. చక్రం గురించి వచ్చింది. ఆమె రాసింది అక్కడితో అయిపోయింది.

ఏరు పారుతోంది. ఎవరూ కదల్లేదు. ముసలాయన పక్కకు తిరిగి, బల్ల మీద తట్టాడు.

*చిన్నోడు తిన్నాడా? వాడు అడగడు. మీరే కనుక్కోవాలి.*

బావగారు చాలాసేపు ఆ అక్షరాల వైపే చూశారు. తరువాత చిన్నకోడలి వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు స్విచ్ బోర్డు వైపు చూశారు.

“నాన్న ఎప్పుడన్నాడ్రా ఇలా?”

“అనలేదు” అన్నాడు తమ్ముడు.

“మరి?”

“ఎప్పుడూ అనలేదు. అందుకే అనిపించాను.”

అత్తగారి చెయ్యి చిన్నకోడలి మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

“అంటే ఏమిటి నీ ఉద్దేశం?” బావగారు లేచారు. గొంతు లేచింది. “నాన్న పోయాక ఈ ఇల్లు ఎవడు లాక్కొచ్చాడు? నీ చదువు ఎవడు చూశాడు? నిన్ను పస్తు పెట్టానా నేను? నలుగురూ ఆడే గేమ్‌లో పెడతావా ఇది, మా అన్న నాకు అన్నం పెట్టలేదని?”

“నలుగురూ రారనే అక్కడ పెట్టాను.” తమ్ముడు ఇటు తిరిగాడు. ఆ ఇంట్లో అతని గొంతు అంత స్పష్టంగా వినపడటం చిన్నకోడలికి కొత్త. “పెట్టావన్నయ్యా. కాదనలేదు. అన్నీ పెట్టావు. తిన్నానో లేదో చూళ్ళేదు. మా ఆవిడ ఏడాదిపాటు ఆ లోయలో ఏం చేసిందో చూళ్ళేదు. అమ్మ మధ్యాహ్నాలు ఏం చేస్తుందో చూళ్ళేదు. లెక్క అడిగావు. సున్నా అన్నాను. నమ్మావు.”

“ఆ పట్టీలో ఇదీ ఉందని తెలిసే రాశావా నువ్వు?”

“తెలుసు. నువ్వు తీసెయ్యమన్నావు. ఎప్పుడైనా కాదన్నానా?”

పొద్దున్నుంచీ భర్త మీద ఎగదోస్తూ వచ్చిన మంట ఇప్పుడు ఏ వైపుకు తిప్పాలో చిన్నకోడలికి తెలియలేదు. తన లోయలో, తను ప్రతి రాయీ ఎరిగిన చోట, తనకు తెలియకుండా ఒక మనిషి ఇన్నాళ్ళూ కూర్చుని ఉన్నాడు. తను దాటి పోయింది. ఒక్కసారి కూడా ఆ బల్ల మీద చివరిదాకా కూర్చోలేదు. రాసినదాన్ని కదా, తెలుసులే అనుకుంది.

బావగారు టీపాయ్ మీద తాళంచెవి కోసం చెయ్యి చాచి, అది తన జేబులోనే ఉందని గుర్తొచ్చి, మెట్లెక్కారు. ఈసారి అడుగుల చప్పుడు లేదు. పైన తలుపు పడింది. గొళ్ళెం పడింది.

“పో” అన్నారు అత్తగారు, మణికట్టు వదిలేసి.

చిన్నకోడలు పైకి పరిగెత్తింది. ఆవులిస్తున్న కుర్రవాళ్ళు వరండాలో నిలబడి ఉన్నారు. అందర్నీ బయటికి పంపేసి తలుపేసుకున్నారట.

“చివరి కాపీ?” అని అడిగింది.

“సార్ దగ్గరే ఉందండి. ఇంక ఆయన ఒక్క మీట నొక్కడమే.”

తలుపుకు చెవి ఆనించింది. అయిదు కావస్తోంది.

లోపల చప్పుడు లేదు. మీటలు నొక్కుతున్న చప్పుడు లేదు. కుర్చీ కదిలిన చప్పుడు లేదు. అన్నీ తుడిచేసి చేతులు దులుపుకున్న మనిషి అలాగే ఉంటాడు. పిండిమర ముందు బల్ల మీద, చేతులు తొడల కింద పెట్టుకుని, చివరి మాట కోసం కూర్చున్న మనిషీ అలాగే ఉంటాడు.

తలుపు కొడితే ఏదో ఒకటి తేలిపోతుంది. కానీ ఆయన బల్ల మీదే ఉంటే, ఆ చప్పుడుకు చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే ముసలాయన ఏటి వైపు తిరిగిపోతాడు.

చిన్నకోడలు కొట్టడానికి ఎత్తిన చేతిని అలాగే గాలిలో ఉంచి నిలబడింది.